పది కిలోల అజేయ

గవరపాలెం,
అనకాపల్లి.

అమ్మలూ,

నువ్వు పంపిన జాబితా చదివాను. పెద్ద మోటార్లు, మూడు సెల్లుల బ్యాటరీ, కొత్త బోర్డు, ఇనుప ట్రాకులు, చివర్లో రంగులు. హాస్టల్ ఖర్చుల్లోంచి మిగిల్చుకున్న డబ్బుతో కొంటానన్నావు కాబట్టి అందులో ఒక్క రూపాయి కూడా వృథా పోకూడదని నా ఆరాటం. అందుకే ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కాగితం తీశాను. కాగితమైతే బల్ల మీద పెట్టుకుని, పక్కన స్క్రూడ్రైవర్ పెట్టుకుని, పని చేస్తూ చదువుకోవచ్చు.

జాబితాలోవి మంచి వస్తువులే. వరసే తలకిందులైంది. నువ్వు మోటారు దగ్గర మొదలుపెట్టి నేల దాకా వచ్చావు. ట్యాంకు పని నేల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లాలి. సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఉన్నన్నాళ్లూ నా చేతుల మీదుగా బాగుపడి వెళ్లిన టీ-55లు, టీ-72లు నాకు నేర్పింది ఇదే. నీ దగ్గరున్నది హెంగ్ లాంగ్ వాళ్ల 1/16 టీ-72. ఆవడి కర్మాగారంలో మనవాళ్లు తయారుచేసిన టీ-72కి అజేయ అని పేరు. నీ బొమ్మను అజేయగా మార్చాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన ఆనందం ఈ ఉత్తరం నిండా కనిపిస్తే తప్పుపట్టకు.

ముందు ఒక లెక్క చూడు. అసలు టీ-72 బరువు సుమారు 41 టన్నులు. నీ బొమ్మ పొడవులో పదహారో వంతు, వెడల్పులో పదహారో వంతు, ఎత్తులోనూ పదహారో వంతు. అంటే బరువు 4,096వ వంతు ఉండాలి. 41 వేల కిలోలను 4,096తో భాగిస్తే పది కిలోలొస్తుంది. పెట్టెలోంచి తీసిన ప్లాస్టిక్ బొమ్మ అందులో సగం కూడా తూగదు. గడప మీదికి ఎక్కించినప్పుడు ముక్కు గాల్లోకి లేచి టప్పున కింద పడుతోందని, చూడ్డానికి ట్యాంకులా లేదని రాశావే, కారణం ఇదే. నీ కంటికి ఏదో తేడా తెలిసింది. ఆ తేడా పేరు బరువు.

వేగం సంగతీ అంతే. టీ-72 మంచి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు పోతుంది. దాన్ని పదహారుతో భాగిస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు కూడా రాదు. శారదా నది గట్టు మీద నేను పొద్దున్నే నడిచే నడక అంతకన్నా తక్కువేమీ కాదు. మూడు సెల్లుల బ్యాటరీ కట్టి, పెద్ద మోటారు పెట్టి నువ్వు సంపాదించే వేగం ఏ ట్యాంకుకూ లేని వేగం. కాబట్టి నీకు కావలసింది వేగం కాదు, నింపాదిగా కదిలే బలం. నీ డబ్బంతా బరువు మీద, ఆ బరువును మోసే భాగాల మీద పెట్టు.

బరువు తేవడానికి అన్నిటికన్నా మంచి చోటు ట్రాకులు. పొట్టలో సీసం ముక్కలు వేసి కూడా బరువు పెంచొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ట్రాకులోనూ చక్రాల్లోనూ ఉన్న బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, పక్కకు ఒరగనివ్వదు, గడప దిగేటప్పుడు ముక్కును మెల్లగా దించుతుంది. ఇనుప ట్రాకులని పేరేగానీ వాటిలో ఎక్కువ భాగం జింకు మిశ్రమంతో పోత పోసినవి. పోతలో అంచుల దగ్గర పొక్కులు మిగులుతాయి. రాగానే బిగించేయకు. బల్ల మీద పొడుగ్గా పరిచి ఒక్కో లింకునూ రెండు వేళ్ల మధ్య వంచి చూడు. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ సన్నాకురాయి పెట్టి రుద్దు. పిన్ను పక్కకు పొడుచుకొస్తోందేమో చూడు, ఒక్క పిన్ను పొడుచుకొచ్చినా హల్లు, అంటే ట్యాంకు కింది పెట్టె, ప్లాస్టిక్‌ను గీసి గీసి గాడి పెడుతుంది. ఆ తర్వాత ట్యాంకును ఒక చెక్క దిమ్మ మీద పెట్టి, ట్రాకులు నేలకు తగలకుండా, తక్కువ వేగంలో ముందుకూ వెనక్కూ చాలాసేపు తిప్పు. నల్లటి పొడి రాలుతుంది. రాలనీ. అది పూర్తిగా తగ్గాక బ్రష్షుతో దులిపి అప్పుడు నేల మీదికి దించు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, ట్రాకు పిన్నులకు నూనె వెయ్యకు. కిర్రుమంటోందని అందరికీ చెయ్యి అటే పోతుంది. నూనె తగిలిన చోట దుమ్ము పట్టుకుంటుంది, దుమ్మూ నూనే కలిసి సానబెట్టే ముద్ద అవుతుంది, పిన్నునూ రంధ్రాన్నీ తినేస్తుంది. టీ-55 లాంటి పాత ట్యాంకుల ఇనుప పిన్నులు పొడిగానే తిరిగేవి. ఆ కిర్రుమనే చప్పుడే వాటి రాకను చాలా దూరం నుంచి చెప్పేది. రెండో ప్రపంచ యుద్ధంనాటి టీ-34లో ఇంకా చిత్రమైన ఏర్పాటు ఉంది. పిన్నుల తలలు లోపలివైపు ఉంటాయి, బిగించడానికి ఏమీ ఉండదు. కదలికలో పిన్ను హల్లు వైపు జరుగుతూ వస్తే, హల్లు మీద వెల్డు చేసిన ఏటవాలు ఇనుప పలక దాని తలను తాకి మళ్లీ ట్రాకులోకి కొట్టేస్తుంది. ప్రతి చుట్టులోనూ ట్యాంకు తన పిన్నులను తానే బిగించుకుంటుందన్నమాట. ఎవరు ఆలోచించారో గానీ, అలాంటి తెలివిని చూసినప్పుడు నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

ట్రాకు లోహానిది పెట్టాక దాన్ని లాగే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్టు, ప్లాస్టిక్‌ది ఉంచకూడదు, పళ్లు అరిగి నున్నగా అయిపోతాయి. స్ప్రాకెట్టు, రెండో చివర ఉండే ఐడ్లర్ చక్రం, ట్రాకు మూడూ ఒక్క దఫాలో మార్చు. ఐడ్లర్ కొనేటప్పుడు ముందుకూ వెనక్కూ జరుపుకునే ఏర్పాటున్నది తీసుకో. ట్రాకు బిగింపు సరిగా ఉండటం సగం ప్రాణం. మరీ బిగిస్తే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ ఇరుసు మీద పడుతుంది, మరీ వదిలేస్తే మలుపులో పళ్ల మీంచి జారి ఊడిపోతుంది. టీ-72కి పైన మూడేసి చిన్న రోలర్లుంటాయి కదా, వాటి మధ్య ట్రాకు కొద్దిగా కిందికి వంగినట్టు కనిపించాలి, తీగలా నిలబడకూడదు. టీ-55కి ఆ రోలర్లే లేవు, పై ట్రాకు రోడ్ వీల్స్ మీదే వాలి ఉంటుంది. ఎవరైనా టీ-55 బొమ్మ తెచ్చి ట్రాకు బిగించి చూపిస్తే వాళ్లు అసలుదాన్ని చూడలేదని నీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు గేర్‌బాక్స్. నువ్వు జాబితాలో దీన్ని అసలు రాయనేలేదు! బరువు పెరిగాక ముందుగా చచ్చేది ఇదే. ప్లాస్టిక్ గేర్లున్న పెట్టెలను తీసేసి ఉక్కు గేర్లవి పెట్టాలి. వాటిని 3:1, 4:1, 5:1 అని గుర్తులతో అమ్ముతారు. అంకె పెరిగితే వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. మన చుట్టుపక్కల బెల్లం చేసే ఊళ్లలో చెరకు క్రషరు చూశావుగా. మోటారు గిర్రున తిరుగుతుంటుంది, పళ్లచక్రాల వరస దాటి రోలరు దగ్గరికొచ్చేసరికి ఆ తిరుగుడు ఎంతో నిదానమైపోతుంది, ఆ నిదానంలోనే గడను పిప్పి చేసే బలముంది. నీకు కావలసింది అదే. పెద్ద అంకె ఉన్నదే తీసుకో. పాత మోటార్లతోనే పది కిలోలు మెట్టెక్కుతాయి, చూద్దువుగాని.

కొనే ముందు రెండు సంగతులు సరిచూసుకో. గేర్‌బాక్స్ ఇరుసు పొడవు ఒక్కో బొమ్మకు ఒక్కోలా ఉంటుంది, టైగర్ ట్యాంకు బొమ్మకి సరిపోయింది టీ-72కి సరిపోకపోవచ్చు. ఎడమదీ కుడిదీ అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా ఉంటాయి, జతగా తీసుకోవాలి. హల్లు గోడలోంచి ఇరుసు బయటికొచ్చే చోట బేరింగు తప్పనిసరి. ఆ చోట ప్లాస్టిక్ రంధ్రమే ఉంటే ఇరుసు దాన్ని నెమ్మదిగా కోలగా చేసేస్తుంది, అప్పుడు స్ప్రాకెట్టు వణుకుతుంది, ట్రాకు ఊడుతుంది, మనం ట్రాకును తిడతాం. బరువైన పెట్టెలను పట్టుకోవడానికి ప్లాస్టిక్ అడుగు చాలదు, మరలు పట్టే గూళ్లు పగులుతాయి. అడుగున అల్యూమినియం పట్టీ ఒకటి అడ్డంగా వేసి, దానికి గేర్‌బాక్సులను బిగించు. గేర్లకు ప్లాస్టిక్‌ను తినని గ్రీజు, అదీ పళ్లకు పట్టేంతే. ముద్దలు ముద్దలుగా పూస్తే మోటారు దాన్ని కలుపుతూనే అలిసిపోతుంది. గ్రీజు, కనెక్టర్లు, తీగలు అన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉండి వాటిని పోస్టులో తెప్పించుకోకు.

స్ప్రింగులు కూడా గట్టివి వేసుకో. అసలు టీ-72 చక్రాలు టార్షన్ బార్ల మీద నిలబడతాయి, ఉక్కు కడ్డీ మెలితిరిగి మళ్లీ నిటారుకావడంతో ట్యాంకు బరువు మోస్తుంది. బొమ్మలో ఆ పని చిన్న స్ప్రింగులది. నాలుగు కిలోలకు చేసిన స్ప్రింగు పది కిలోల కింద పూర్తిగా అణిగిపోతే ఇక అది స్ప్రింగు కాదు. ట్యాంకును సమతలంగా పెట్టి పక్క నుంచి చూడు. ముందు, వెనక ఎత్తు ఒకేలా ఉండి, చేత్తో నొక్కితే ఇంకా కొంచెం దిగాలి, వదిలితే లేవాలి.

మోటారు, బ్యాటరీ, బోర్డు చివరికి వచ్చాయి చూశావా. అప్పటికి వీటి అవసరం ఎంతుందో నీకే తెలుస్తుంది. రెండు సెల్లుల లిపో, 7.4 వోల్టులు, చాలు. నిండా ఎక్కించాక అది 8.4 అవుతుంది. మూడు సెల్లులు కడితే 12.6 దాకా పోతుంది, ఆ వోల్టేజి ఓర్చుకునేలా చేయని బోర్డును అంత కష్టపెట్టడం దేనికి? బరువైన ట్యాంకు ఎక్కడైనా ఇరుక్కుని మోటారు తిరగలేక ఆగినప్పుడే కరెంటు అమాంతం పెరుగుతుంది, బోర్డులు కాలేది అప్పుడే. ఇరుక్కుందని తెలిసిన క్షణంలో రిమోట్ స్టిక్కు వదిలెయ్. లిపో సెల్లు 3 వోల్టుల కిందికి దిగితే పాడైపోతుంది, వోల్టేజి అలారం ఒకటి తగిలించు. బ్యాలెన్స్ ఛార్జరుతోనే ఎక్కించు, ఎక్కిస్తూ నిద్రపోకు, గది వదిలి వెళ్లకు. ఉబ్బిన బ్యాటరీని ఇంకోసారి వాడదామన్న ఆశ వద్దు. వాడని రోజుల్లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచు. హాస్టల్ గదిలో నీతో పాటు ఇంకా ముగ్గురు పిల్లలున్నారు. ఈ పేరా వాళ్ల కోసం కూడా రాస్తున్నాననుకో.

బ్యాటరీ మాటొచ్చింది కాబట్టి ఒక సంగతి. మోడల్ ట్యాంకులు కట్టేవాళ్ల ప్రపంచంలో 1/35 కొలత ఎక్కువ. జపాన్ తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు బొమ్మ తయారుచేసినప్పుడు, లోపల మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేలా సైజు నిర్ణయించుకుంది. తర్వాత కొలిచి చూస్తే దాదాపు 1/35 వచ్చింది. ప్రపంచమంతా పాటించే కొలత రెండు బ్యాటరీల చుట్టూ పుట్టింది! పొట్టలో ఏం పట్టాలో ముందు తెలుసుకుని పైన ఆకారం చూసుకున్నవాళ్లను నేను గౌరవిస్తాను.

కొత్త బోర్డు కొనాలనే ఉంటే ఓపెన్ పంజర్ అనే ప్రాజెక్టు సంగతి చదువు. దాని కంట్రోల్ బోర్డు నమూనా, ప్రోగ్రాము అందరికీ తెరిచి పెట్టారు. ట్యాంకు ఎంత మెల్లగా వేగం అందుకోవాలి, స్టిక్కు వదిలాక ఎంత దూరం జారి ఆగాలి అన్నవి నువ్వే దిద్దుకోవచ్చు. కోడింగ్ నేర్చుకుంటున్నావు కాబట్టి రెండు చదువులూ ఒకచోట కలుస్తాయి.

ఇక తోలడం. ట్యాంకును గిర్రున ఉన్నచోటే తిప్పి వీడియో పంపావు. నీ బొమ్మలో రెండు ట్రాకులకు రెండు మోటార్లు, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు తిరిగితే అలా తిరుగుతుంది. అసలు టీ-72 అలా తిరగలేదు. మరీ ఇరుకు మలుపులో ఒకవైపు ట్రాకు ఆగిపోతుంది, రెండోది నడుస్తుంది, ఆగిన ట్రాకు చుట్టూ ట్యాంకు ఒరుసుకుంటూ తిరుగుతుంది. నేల మీద అర్ధచంద్రాకారంలో గాడి పడుతుంది. వెనక్కి వెళ్లడమైతే గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించదు, బొమ్మ కొలతలో అది పాకినంత మెల్లగా. దానివల్ల డ్రైవరు ఎక్కడికి వెళ్తున్నాడో, ఎలా తిరిగి వస్తాడో ముందే ఆలోచించుకోవాలి. నువ్వూ ఒక వారం అలా తోలి చూడు. ఉన్నచోట తిరగకుండా, వెనక్కి ఉరకకుండా. చేతికి వేరే రకమైన ఓపిక వస్తుంది. నాకు తెలిసి అసలుదానికి దగ్గరయ్యే ఇంత గొప్ప మార్పు ఏ దుకాణంలోనూ దొరకదు, దీనికి ఖర్చూ లేదు.

పై అలంకారం గురించి నువ్వు చాలా రాశావు, నేను కొంచెమే రాస్తాను. టరెట్ ఉక్కు పోత, దాని ఒళ్లు నున్నగా ఉండదు. పుట్టీని పలచగా పూసి, ఆరక ముందే పాత టూత్‌బ్రష్‌తో పొడిస్తే ఆ గరుకు వస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర నిజమైన ట్యాంకును నిలబెట్టారు కదా, ఈసారి అటు వెళ్తే ఫోటో దిగి రావడం కాకుండా వెల్డింగు అతుకులనూ చక్రాల అంచులనూ నిలబడి చూడు. కానీ దాని తుప్పును అనుకరించకు. అది సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి కదలకుండా నిలబడ్డ ట్యాంకు తుప్పు. రోజూ తిరిగే ట్యాంకు ట్రాకు నేలకు రాసుకునే చోట వెండిలా మెరుస్తుంటుంది, గుంటల్లో మట్టి ఉంటుంది. పొగ మసి కూడా ఇష్టమొచ్చినట్టు పూయకు. టీ-72 పొగగొట్టం ఎడమ పక్కన, వెనకవైపు ఉంటుంది. మసి అక్కడే.

వెనక కట్టే దుంగ మాత్రం ప్లాస్టిక్‌ది ఉంచకు. బురదలో దిగబడితే ఆ దుంగను రెండు ట్రాకులకూ అడ్డంగా కట్టి, దాన్ని ఆసరా చేసుకుని ట్యాంకు తనంతట తాను పైకి వస్తుంది. ప్రాణం నిలిపే కర్ర అది. మన తీరంలో ఎక్కడ చూసినా సరుగుడు తోటలే, వేలి మందం కొమ్మ ఒకటి బెరడుతో సహా ఎండబెట్టి ఉంచుతాను.

ఆ పక్కన ఉండే రెండు డీజిల్ పీపాల విషయంలో నాకొక కోరిక ఉంది. వాటిని ఏటికొప్పాకలో చేయిద్దాం. మన జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రను లేతు మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో దానికి మెరుగు పెడతారు. చెట్ల బెరడు, గింజలు, ఆకుల నుంచి తీసే రంగులను ఆ చేతిపనికి మళ్లీ తెచ్చిపెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఆ రోజు కర్తవ్య పథ్ మీద సైన్యం వైపు నుంచి భీష్మ ట్యాంకు, శరత్ వాహనం నడిచాయి, అదే దారిలో మన లక్క బొమ్మలు కూడా వెళ్లాయి. టీవీ ముందు కూర్చుని నేను రెంటికీ సమానంగా పొంగిపోయాను. అంకుడు మెత్తని కర్ర, లేతు మీద అంచులు చాలా శుభ్రంగా తెగుతాయి. ప్లాస్టిక్ పీపాల వ్యాసం, పొడవు, పట్టీల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి పంపు. లక్క వద్దని, ఉత్త కర్రగానే ఇమ్మని చెబుతాను, ఆకుపచ్చ రంగు నువ్వు వేసుకుందువుగాని. పనికి వాళ్లు చెప్పిన కూలీ ఇస్తాం, బేరం ఆడం.

ఇంకొక విషయం రాయకుండా ముగించలేను. నీ బొమ్మ గొట్టంలోంచి ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు వస్తాయి. ఆ యూనిట్ తీసేయమని అడుగుతున్నాను. హాస్టల్ మెట్ల దగ్గర కుక్కపిల్ల కంటికో, ఎవరి పాప కంటికో తగిలితే ఏ పశ్చాత్తాపమూ పనికిరాదు. దాని స్థానంలో గొట్టం వెనక్కి తన్నే రీకాయిల్ యూనిట్ పెట్టు, బొమ్మ ట్యాంకుల పందెం కావాలంటే గుండ్లకు బదులు ఇన్‌ఫ్రారెడ్‌తో కాల్చే యూనిట్ ఉంది.

గుండ్లు వద్దనడానికి ఇంకో కారణం, అసలు ట్యాంకులో గుండ్ల మధ్య కూర్చునే మనుషులు. టీ-72 లోపల ముగ్గురే ఉంటారు. ముందు మధ్యలో డ్రైవరు, టరెట్‌లో ఎడమవైపు గన్నరు, కుడివైపు కమాండరు. వాళ్ల కాళ్ల కింద గుండ్రటి పళ్లెంలా తిరిగే ఏర్పాటులో 22 గుండ్లు, వాటి మందు పేర్చి ఉంటాయి. తుపాకీలోకి గుండు యంత్రమే ఎక్కిస్తుంది కాబట్టి నాలుగో మనిషి అక్కర్లేదు. ట్యాంకు పొట్టిగా, తేలిగ్గా ఉండటానికి కారణం అదే. దెబ్బ తగిలి ఆ మందు అంటుకుంటే లోపలివాళ్లు బతకడం కష్టం కావడానికి కారణమూ అదే. ఎడారిలో మే నెల మధ్యాహ్నం హల్లు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది, ఆ పెట్టెలో మూతలు వేసుకుని కూర్చునే కుర్రాళ్లు నీకన్నా మూడు నాలుగేళ్లు పెద్దవాళ్లు. వాళ్లలో కొందరి చేతి టీ నేను తాగాను. నువ్వు కమాండరు బొమ్మను మూతలోంచి నిలబెట్టి రంగు వేసేటప్పుడు వాడి ముఖం మీద కాస్త ఎక్కువసేపు పని చెయ్యి. చెమట, దుమ్ము, నిద్రలేని కళ్లు. మిగతావన్నీ తర్వాత చూద్దాం.

ఆడపిల్లకు ట్యాంకు బొమ్మ దేనికని ఎవరో అన్నారని మీ అమ్మ బాధపడింది. పళ్లచక్రాలకు ఆ తేడా తెలియదని చెప్పాను. నువ్వు కూడా అంతకన్నా ఎక్కువ జవాబు చెప్పకు, పనిలో ఉండు.

అజేయ పూర్తయ్యాక ఏం చెయ్యాలో నేను అప్పుడే ఆలోచించి పెట్టాను, శరత్ బొమ్మ కడదాం. నువ్వున్న హైదరాబాద్‌కు దగ్గర్లోనే ఎద్దుమైలారం ఉంది. 1984లో అక్కడ మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ పెట్టారు, 2021 నుంచి అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది. సైన్యం వాడే శరత్ పదాతి వాహనాలు, అంటే బీఎంపీ-2లు, ఆ తెలుగు గడ్డ మీదే తయారయ్యాయి. టీ-72కి స్ప్రాకెట్టు వెనక ఉంటుంది, శరత్‌కి ముందు. ముప్ఫై మిల్లీమీటర్ల తుపాకీ, నడిపే ముగ్గురు, వెనక కూర్చునే ఏడుగురు సైనికులు. అన్నిటికన్నా మిన్నగా, అది నీళ్లలో ఈదుతుంది. వేరే పంకా ఏమీ ఉండదు, ట్రాకులే నీటిని వెనక్కి తోస్తాయి.

దాని బరువు పద్నాలుగు టన్నుల పైచిలుకు. 4,096తో భాగించు. మూడున్నర కిలోలు! ఇప్పుడు చూడు, ట్యాంకు బొమ్మకు నువ్వు బరువు పెంచాలి, శరత్ బొమ్మకు ఆపాలి. ఆకారం ఖచ్చితంగా పదహారో వంతు ఉండి, బరువు ఖచ్చితంగా మూడున్నర కిలోలుంటే, అసలుది నీళ్లలో ఎంత మునుగుతుందో నీ బొమ్మ కూడా అదే గీత దగ్గర మునుగుతుంది. కొంచెం బరువెక్కినా గీత దాటుతుంది, వెనక ఎక్కువైతే ముక్కు లేస్తుంది, ముందు ఎక్కువైతే నీళ్లు తాగుతుంది. లెక్క తప్పో ఒప్పో నీళ్లు వెంటనే చెప్పేస్తాయి. అందుకే దాన్ని రెడీమేడ్‌గా వెతకొద్దు. సన్ బోర్డుతో మొదటి నమూనా కడదాం, తర్వాత ప్లాస్టిక్ షీటు, ఇరుసులకు నీళ్లు చొరబడని సీళ్లు. ఆ సీళ్ల దగ్గరే అసలు చిక్కంతా ఉంది, ఇరుసు తేలిగ్గా తిరగాలి, నీళ్లు లోపలికి రాకూడదు. ఈలోగా నువ్వు కూడా ఆలోచించు. మీ కాలేజీలో పంపులు, సీళ్లు బోధించే మేష్టారు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా అడుగు.

కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతరకు వస్తావుగా. వచ్చేటప్పుడు విప్పిన పాత గేర్‌బాక్సులు, ప్లాస్టిక్ ట్రాకులు ఏవీ పారేయకుండా సంచిలో వేసుకురా, తేలికైన శరత్‌కి అవే పనికొస్తాయి. అన్నిటికన్నా ముందు ఒక తూకం కావాలి. ఇప్పుడే, ఏమీ మార్చక ముందే, బ్యాటరీతో సహా నీ ట్యాంకు ఎన్ని కిలోలుందో తూచి నాకు పంపు. ఒక్కో భాగం మార్చినప్పుడల్లా మళ్లీ తూచి నోట్‌బుక్కులో రాసుకో.

అమ్మమ్మ నీకోసం కొత్త బెల్లంతో అరిసెలు చేసి పెడతానంటోంది. బ్యాటరీ ఛార్జరు పక్కన ఇసక నింపిన డబ్బా పెట్టుకున్నావా లేదా, అది మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నీ తాతయ్య